ఎలక్ట్రాను తుపాకి కథ

వాల్వులతో పనిచేసిన పాత రేడియో సెట్లను చూచినవారికి, వాటిలో కొన్నింటి ముఖమున వెలిగెడి చిన్న ఆకుపచ్చని కన్ను జ్ఞాపకముండును. స్టేషను కొరకు మర త్రిప్పుచుండగా ఆ వెలుగు నడుమనున్న నీడ విచ్చుకొనుచు, ముడుచుకొనుచు నుండెడిది. నీడ మిక్కిలి సన్నగిలినచోట స్టేషను సరిగా పట్టుబడినట్లు లెక్క. దానికి ‘మ్యాజిక్ ఐ’ అని పేరు. 1935లో అమెరికాలో బజారుకు వచ్చి, కొలదికాలముననే దేశదేశాల రేడియోలలోనికి ప్రవేశించినది. ఆ కంటిని చూచి వేడుకపడినవారిలో పెక్కుమంది ఎరుగని విషయమొకటి కలదు. తరువాతి కాలమున టెలివిజను తెరపై బొమ్మలు గీసిన పరికరమునకు అది చెల్లెలు వరుస. వేడెక్కిన లోహమునుండి ఎలక్ట్రానులు వెలువడి, శూన్యములో పరుగెత్తి, ఒక రసాయనపు పూతను తాకి వెలిగించుటయే రెండింటను జరుగు పని. కనుక ఎలక్ట్రాను తుపాకి మన ఇండ్లలోనికి టెలివిజనుతోడనే వచ్చినదనుట పూర్తిగా నిజము కాదు. దాని బంధువర్గము రేడియో వెంటనే వచ్చి కూర్చున్నది.

ఆ తుపాకి ఎట్లు పుట్టినదో, ఎట్లు పనిచేయునో, ఎందెందు ఉపయోగపడినదో పశ్చిమ కర్నూలు సీమను దృష్టిలో నుంచుకొని ఇక్కడ చెప్పదలచినాము. ఆదోని, ఎమ్మిగనూరు అనగానే ప్రత్తియు, మగ్గమును తలపునకు వచ్చును గాని ఎలక్ట్రానులు రావు. అయినను ఈ తుపాకి చేయు పనిని వివరించుటకు ఎమ్మిగనూరు మగ్గముకంటె మంచి పోలిక మాకు దొరకలేదు. అసలు ‘తుపాకి’ అను పేరే కొంత పెడదారి పట్టించునది. ఆదోని కోట చరిత్ర చదివినవారికి తుపాకి యనగా మందు, పొగ, చప్పుడు. ఇందులో ఆ మూడును లేవు. గురిపెట్టి విడుచుట యొక్కటే పోలిక.

శాస్త్రజ్ఞులు ఈ పరికరమును ఒక్కనాట కనిపెట్టలేదు. వారి ముందు మూడు చిక్కులుండెను. ఎలక్ట్రానులను పదార్థమునుండి వెలుపలికి రప్పించుట ఎట్లు? వచ్చినవానిని చెదరనీయక ఒక్క ధారగా చేయుట ఎట్లు? ఆ ధారను కోరినచోటికి త్రిప్పుట ఎట్లు? ఈ మూడింటికి సమాధానములు వేర్వేరు దేశములలో, వేర్వేరు మనుష్యుల చేతులలో, సుమారు డెబ్బది యేండ్లపాటు కూడుకొన్నవి.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున జర్మనీలో ప్లూకర్, అతని తరువాత హిట్టార్ఫ్, గాలి తీసివేసిన గాజుగొట్టములలో విద్యుత్తును ప్రవహింపజేసి ఒక వింతను చూచిరి. ఋణధ్రువమునకు ఎదుటి గాజుగోడ పచ్చగా మెరయుచుండెను. నడుమ ఏదైన వస్తువు నుంచినచో దాని నీడ పడుచుండెను. ఏదో ఒకటి ఋణధ్రువమునుండి తిన్నగా పోవుచున్నదని తేలినది. 1876లో గోల్డ్‌స్టైన్ దానికి కాథోడ్ కిరణములని పేరు పెట్టెను. అవి వెలుగువంటివా, కణములా అను వాదము ఇరువది సంవత్సరములు నడచినది. జర్మనులు చాలమంది అవి తరంగములనిరి, ఇంగ్లీషువారు కణములనిరి. 1897లో కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ ఆ కిరణములను విద్యుత్తుతోను, అయస్కాంతముతోను వంచి, అవి ఋణవిద్యుత్తు గల కణములని, పరమాణువుకంటె ఎన్నోరెట్లు తేలికయైనవని నిరూపించెను. ఎలక్ట్రాను అను పేరు వాటికి తరువాత స్థిరపడినది.

అదే 1897లో స్ట్రాస్‌బర్గులో ఫెర్డినాండ్ బ్రౌన్ ఈ కిరణములకు ఒక పని కల్పించెను. గొట్టము నడుమ చిన్న రంధ్రమున్న అడ్డు పెట్టి, కిరణములలో సన్నని ధారను మాత్రము ముందుకు పోనిచ్చి, చివర మెరయు పూతగల తెర నుంచెను. బయట తీగచుట్టలో విద్యుత్తు మారుచుండగా తెరమీది చుక్క అటునిటు కదలి ఆ విద్యుత్తు నడకను గీసి చూపెను. బ్రౌన్ కోరినది అంతే. బొమ్మలు చూపు ఆలోచన ఆయనకు లేదు. మన రేడియో కుటుంబమునకు బ్రౌన్ పరాయివాడు కాడు. నిస్తంత్రీ వార్తాప్రసారమున చేసిన కృషికి 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ బహుమానము పంచుకొన్నది ఈయనే.

బ్రౌన్ గొట్టములో ఋణధ్రువము చల్లనిది. దానినుండి ఎలక్ట్రానులను రాబట్టుటకు వేలకొలది వోల్టులు ప్రయోగింపవలసియుండెను. అట్లు వచ్చినను ధార నిలకడగా నుండెడిది కాదు. దీనికి విరుగుడు వేడి. దీపపు తీగ వేడెక్కినప్పుడు దానినుండి ఏదో విద్యుత్తు వెలువడుచున్నదని ఎడిసన్ 1883 ప్రాంతముననే గుర్తించి విడిచిపెట్టెను. లోహము వేడెక్కుకొలది ఎలక్ట్రానులు ఎంతెంత వెలువడునో ఇంగ్లండులో ఓవెన్ రిచర్డ్‌సన్ 1901 నుండి లెక్కకట్టెను. 1903, 1904 సంవత్సరములలో జర్మనీలో ఆర్థర్ వెనెల్ట్ మరియొక మేలుచేసెను. ప్లాటినము రేకుపై సున్నము, బేరియపు భస్మము వంటివి పూసి వేడిచేసినచో, ఉత్త లోహముకంటె ఎన్నోరెట్లు ఎక్కువగా, తక్కువ వేడిలోనే ఎలక్ట్రానులు వెలువడునని ఆయన కనుగొనెను. మన పల్లెల సున్నపు బట్టీలలో దొరకు సాధారణ పదార్థమునకు ఇంత సూక్ష్మమైన గుణమున్నదని ఎవరు తలచియుందురు? ఆ ఋణధ్రువము చుట్టు ఒక లోహపు గిన్నె తొడిగి, దానికి ఋణవిద్యుత్తు నిచ్చి, ఎలక్ట్రానులను కూడదీయుటయు వెనెల్ట్ చేసినదే. నేటికిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో ఆ గిన్నెను ఆయన పేరుననే పిలుచుచున్నారు.

ఇక మిగిలినది ధారను సన్నని మొనగా కూర్చుట. 1926లో హాన్స్ బుష్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రము ఎలక్ట్రానులపై, భూతద్దము వెలుగుపై చేయు పనినే చేయునని గణితముతో చూపెను. అప్పటికిగాని తుపాకి సంపూర్ణము కాలేదని మా అభిప్రాయము. అంతకుముందు వచ్చినవి గురిచూడని గొట్టములు.

ఇప్పుడు టెలివిజను బొమ్మగొట్టములో తుపాకి ఎట్లుండెనో చూతము. గొట్టము ఒక పెద్ద గాజుకూజావంటిది. వెడల్పైన అడుగుభాగమే మనము చూచు తెర. సన్నని మెడలో తుపాకి యుండును. అది జానెడు పొడవైనను ఉండదు. వెనుక చివర నికెలుతో చేసిన చిన్న గొట్టము, దాని లోపల సన్నని తీగ ఉండును. ఆ తీగ కాలి, గొట్టమును సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేయగా అది నిప్పుకణికవలె ఎర్రనగును. గొట్టపు ముందరి ముఖమున బేరియము, స్ట్రాన్షియము భస్మముల పూత. అక్కడనుండి ఎలక్ట్రానులు పొగవలె లేచును. పాత టెలివిజనులో మీట నొక్కిన తరువాత బొమ్మ వచ్చుటకు కొన్ని క్షణములు పట్టుటకు ఈ కాలుటయే కారణము. వాల్వుల రేడియోలోను ఇదే ఆలస్యము, ఇదే కారణము.

ఆ ముఖమునకు ఎదురుగా, దాదాపు తగిలీతగులనట్లు, ఒక లోహపు మూత బోర్లించియుండును. దాని నడుమ మిల్లీమీటరుకు లోపు వెడల్పున రంధ్రము. ఈ మూతకు ఋణవిద్యుత్తు నిత్తురు. ఎలక్ట్రానులును ఋణవిద్యుత్తు గలవే గనుక మూత వాటిని వెనుకకు నెట్టును. నెట్టుట మిక్కుటమైనచో ఒక్కటియు బయటికి రాదు, తెర నల్లనగును. నెట్టుట తగ్గినచో ఎక్కువగా వచ్చును, తెర తెల్లనగును. ప్రసార కేంద్రమునుండి వచ్చిన బొమ్మ సంకేతము చేయునదంతయు ఈ నెట్టుటను క్షణక్షణము హెచ్చించుట, తగ్గించుట మాత్రమే. తుపాకిలో బలము వెనుకనున్న నిప్పుదికాదు, ముందరనున్న ఈ కాపలాది. బొమ్మను గీయుటయనగా ఎలక్ట్రానులను పంపుట యని చాలమంది తలతురు. నిజమునకు ఎక్కడ ఎంత ఆపవలెనో తెలిసి ఆపుటయే బొమ్మ.

మూత దాటిన ఎలక్ట్రానులను ముందున్న ధనవిద్యుత్తు గల పలకలు లాగుకొనును. రంధ్రమునకు కొంచెము ముందర అవన్నియు ఒక బిందువువద్ద కలిసి మరల విడిపోవును. ఆ బిందువు ఋణధ్రువపు ముఖముకంటె ఎంతో చిన్నది. తరువాతి విద్యుత్ కటకము ఈ బిందువు ప్రతిబింబమునే తెరపై నిలుపును. అందువలననే చుక్క అంత సన్నముగా నుండుట. తుదకు 15 వేలనుండి 18 వేల వోల్టుల వరకు గల ధనధ్రువము వాటికి పూర్తివేగము నిచ్చును. 16 వేల వోల్టుల వద్ద ఎలక్ట్రాను వేగము సెకనుకు 70 వేల కిలోమీటర్లకు పైమాట. అనగా వెలుగు వేగములో దాదాపు నాలుగవ వంతు. ఆదోనినుండి మద్రాసునకు రైలు ఒక రాత్రి పట్టునని లెక్కించు మనకు ఈ వేగము ఊహకందునది కాదు. గొట్టములో గాలి కొంచెమున్నను ఎలక్ట్రానులు దాని అణువులను ఢీకొని చెదరిపోవును. కాబట్టి లోపల శూన్యము తప్పదు.

తెరకు తగిలినప్పుడు అక్కడి పూత ఒక చుక్కగా వెలుగును. ఒక్క చుక్క బొమ్మ ఎట్లగును? ఇక్కడ ఎమ్మిగనూరు మగ్గము దగ్గరకు వత్తము.

మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము వలన ఎమ్మిగనూరు పేరు దేశమున వ్యాపించినది. అక్కడి గుంటమగ్గమున నేతగాడు పడుగు నడుమ నాడెను ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు విసరును. ప్రతి విసరుతో ఒక పేక పడును. పేకపై పేక పడి గుడ్డ క్రిందినుండి పెరుగును. టెలివిజను తెరపై జరుగునదియు ఇట్టిదే. తుపాకి మెడపై చుట్టిన రాగితీగల చుట్టలలో విద్యుత్తు మారుచుండ, వాటి అయస్కాంత బలము ధారను ఎడమనుండి కుడికి లాగి ఒక గీత గీయించును. వెంటనే వెనుకకు తెచ్చి, కొంచెము దిగువ మరియొక గీత. మన దేశపు ప్రసారములలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అనగా సెకనుకు 15,625 మారులు ఆ నాడె తెరకు అడ్డముగా పరుగెత్తెను. ఒక గీతకు పట్టు కాలము సెకనులో పదిలక్షలవ వంతులు 64 మాత్రమే.

పోలికలో రెండు భేదములున్నవి. నేతగాని నాడె పోవునప్పుడును, వచ్చునప్పుడును పేక వేయును. తుపాకి ధార వచ్చునప్పుడు, అనగా కుడినుండి ఎడమకు మరలునప్పుడు, కాపలా మూత దానిని పూర్తిగా ఆపివేయును. లేనిచో తెరపై అడ్డదిడ్డపు గీతలు కనబడును. రెండవది, ధార గీతలను వరుసగా వేయదు. మొదట బేసి గీతలన్నియు వేసి, పైకిపోయి, మిగిలిన సందులలో సరి గీతలు వేయును. ఒక్కసారిగా వేసినచో పైభాగము చల్లారునప్పటికి క్రిందిభాగము వెలుగుచు, బొమ్మ రెపరెపలాడును. ఇట్లు సగము సగముగా సెకనుకు 50 మారులు వేయుటచే కన్ను మోసపోవును. గుడ్డ నిలుచును గాని బొమ్మ నిలువదు. నేసినదంతయు క్షణములోనే మాయమై, మరల మొదటి పేకనుండి నేయవలసినదే.

ఈ విధానము మొదట పోటీ లేకుండ గెలువలేదు. ఇంగ్లండులో బేర్డ్ 1926లో రంధ్రముల చక్రమును త్రిప్పి బొమ్మను చూపెను. అదంతయు యంత్రము, చప్పుడు. అమెరికాలో 1927లో ఫార్న్స్‌వర్త్ ఎలక్ట్రానులతోనే బొమ్మ నెత్తి పంపెను. రష్యానుండి వలసవచ్చిన జ్వరికిన్ 1929లో తన బొమ్మగొట్టమును ప్రదర్శించెను. 1936లో లండనులో బి.బి.సి. రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నడిపి చూచి, 1937 ఫిబ్రవరిలో బేర్డ్ పద్ధతిని మానివేసినది. ఆనాటినుండి బొమ్మ తీయు కెమెరాలోను ఒక తుపాకి, చూపు సెట్టులోను ఒక తుపాకి. ఒకటి చదువును, మరియొకటి వ్రాయును. రెండును ఒకే తాళమున నడువవలెను.

ఢిల్లీలో టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఆరంభమైనది. మన తెలుగు పల్లెలకు అది పట్టణముల మీదుగా గాక ఆకాశమునుండి వచ్చుట విశేషము. 1969లో విక్రం సారాభాయి పూనికతో అమెరికా అంతరిక్ష సంస్థతో ఒక ఒడంబడిక కుదిరినది. దాని ప్రకారము 1975 ఆగస్టు 1నుండి ఒక్క సంవత్సరము వారి ఏ.టి.యస్.-6 ఉపగ్రహమును మనకు ఎరవిచ్చిరి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు బొమ్మ నేరుగా అందినది. ఆంధ్రప్రదేశమున ఎన్నుకొన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. సరిహద్దున కావలివైపున కర్ణాటకలో రాయచూరు మరియొకటి. సెట్లను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తయారుచేసినది. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఆ సంస్థకు రూపమిచ్చిన ఘనులు. పల్లెలో బడిమీదనో, పంచాయతీ చావడిమీదనో కోళ్లగూటికి కట్టు తీగవలతో చేసిన పదియడుగుల గొడుగువంటి ఏరియల్ నిలిపిరి. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రము పెద్దలకు రెండున్నర గంటలు కార్యక్రమములు.

ఆ ఉపగ్రహము ఒక బొమ్మతోపాటు రెండు శబ్దములను పంపగలిగెడిది. ఆదోని ప్రాంతపువారికి ఇందలి సొగసు సులభముగా బోధపడును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడునప్పుడే ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను విడిచి వచ్చినది. ఒకే బజారులో తెలుగు, కన్నడము, ఉర్దూ వినబడు సీమ అది. తుపాకికి భాషతో నిమిత్తము లేదు. గీసిన బొమ్మ ఒక్కటే, వినువారి మాట వేరుకావచ్చును.

ఆనాటి తెలుగు కార్యక్రమములు తయారైనది హైదరాబాదులో, ఆకాశవాణి ఆధ్వర్యముననే. టెలివిజను అప్పటికి ఆకాశవాణిలోని ఒక శాఖ. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ అను పేర వేరింటి కాపురము పెట్టినది. కావున ఆ ప్రయోగము మంచిచెడ్డలలో రేడియోవారమైన మాకును పాలున్నది.

1976 జూలై 31తో గడువు తీరినది. ఉపగ్రహమును దాని సొంతదారులు మరలించుకొనిరి. ఏడాదిపాటు పల్లెవారిని కూడబెట్టిన సెట్లకు చూపుటకేమియు లేకపోయినది. తీగ కాలుచునే యుండెను, ఎలక్ట్రానులు వెలువడుచునే యుండెను, వ్రాయవలసిన మాట మాత్రము రాలేదు. ఆ ప్రయోగమును గొప్ప విజయమని వర్ణించు పుస్తకములు ఈ ఘట్టమును ఒకటి రెండు వాక్యములలో దాటివేయుట మాకు సబబుగా తోచదు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమైనను, దాని తరంగము ఆదోని వరకు రాలేదు. మధ్యతరంగముల రేడియో నేలను అంటిపెట్టుకొని దూరము పోగలదు. టెలివిజను తరంగము తిన్నగా పోవునది, భూమి వంపు దానికి అడ్డము. ఇన్శాట్-1బి 1983లో ఆకాశమెక్కి, 1984లో దేశమంతట చిన్న ప్రసారిణులు వరుసగా నిలిచిన పిదపగాని మారుమూల జిల్లాలకు బొమ్మ మరల స్థిరముగా అందలేదు. నడుమ గడచిన కాలమున రైతుకు వాన కబురు, మార్కెట్టు ధర చెప్పినది రేడియోయే.

1982లో రంగులు వచ్చినవి. రంగుల గొట్టములో ఒకటికి మూడు తుపాకులు, ఎరుపునకొకటి, ఆకుపచ్చకొకటి, నీలమునకొకటి. లక్షలకొలది రంధ్రములున్న ఉక్కురేకు తెరవెనుక నిలిచి, ఏ తుపాకి ఎలక్ట్రానులు ఆ రంగు పూతకే తగులునట్లు చూచెడిది. వెలువడిన ఎలక్ట్రానులలో చాలభాగము ఆ రేకుకే తగిలి వ్యర్థమగును. అందుచేత వోల్టులు 25 వేల వరకు పెంచవలసివచ్చినది.

టెలివిజను ఈ తుపాకికి పేరు తెచ్చినదే గాని దాని పని అంతటితో ముగియలేదు. ఆసుపత్రిలోని ఎక్స్‌రే గొట్టమున నున్నది అదే. 1895లో రంట్‌జెన్ కనుగొన్న కిరణములకు 1913లో కూలిడ్జ్ వేడితీగతో నిలకడ కల్పించెను. తీగనుండి వెడలిన ఎలక్ట్రానులు పదులవేల వోల్టుల వేగముతో టంగ్‌స్టన్ దిమ్మెను ఢీకొనగా, వాటి శక్తిలో నూటికి ఒక పాలు మాత్రము ఎక్స్‌కిరణములగును, తక్కినదంతయు వేడి. ఆదోనిలో చేయి విరిగినవాని ఎముకకు తీయు బొమ్మ వెనుక నేటికిని ఈ తుపాకియే యున్నది. హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి వంటిచోట్ల కణితిపై ప్రయోగించు యంత్రములలోను మొదటి మెట్టు ఇదే. అక్కడ తుపాకి విడిచిన ఎలక్ట్రానులను సూక్ష్మతరంగములు లక్షలకొలది వోల్టుల శక్తికి ఎత్తును.

ప్రత్తి బేరము తెలిసిన ఆదోనివారికి మరియొక ఉపయోగము నచ్చవచ్చును. 1931లో బెర్లినులో నోల్, రూస్కా అనువారు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినికి బీజము వేసిరి. వెలుగు తరంగము పొడుగు గనుక దానితో మీటరులో వందకోట్ల వంతులు రెండువందలకంటె చిన్నవానిని వేరుపరచి చూచుట కష్టము. ఎలక్ట్రాను తరంగము అంతకు వేలరెట్లు పొట్టిది. ప్రత్తిపోగును ఈ సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో అది గుండ్రని దారము గాక, మెలికలు తిరిగిన చదునైన పట్టీవలె కనబడును. బాగుగా పండిన పోగునకు గోడ దళసరి. పండనిదానికి గోడ పలుచన, అందుచే రంగు సరిగా పట్టదు. అద్దకము తరువాత గుడ్డపై తేలు తెల్లని చుక్కలకు ఇదియొక కారణము. మార్కెట్టు యార్డులో చేతితో లాగి, కంటితో చూచి వెలకట్టు అనుభవజ్ఞుడు ఈ గోడ సంగతి ఎరుగకపోయినను దాని ఫలమును వ్రేళ్లతో గుర్తించును. ఆ వ్రేళ్ల తెలివి వెనుక నున్నదేమో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని చూపినది.

కార్ఖానాలలో ఈ ధారయే కొలిమి, ఈ ధారయే అతుకువేయు మంట. జిర్కోనియము, టైటానియము వంటి లోహములు వేడిలో గాలి తగిలినచో చెడును. ఎలక్ట్రాను ధార శూన్యములోనే పనిచేయునది గనుక వాటికి అచ్చముగా సరిపోయినది. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయమున జిర్కోనియమును అతుకుటకు, మిశ్రధాతు నిగమున లోహమును కరగించుటకు దీనిని వాడినారు. తెరపై చుక్కను వెలిగించిన ఎలక్ట్రానులే, లెక్క పెరిగినప్పుడు లోహమును నీరుచేయగలవు.

ఇండ్లలో మాత్రము తుపాకి కాలము ముగిసినది. 2007 చివరనుండి ప్రపంచమున పలుచని పలకల టెలివిజనుల అమ్మకము గొట్టపు సెట్లను మించినది. ఇప్పటి తెరలలో తుపాకి లేదు, గీతలు నేయు నాడె లేదు. ఒక్కొక్క చుక్కను దానిదానికే వెలిగింతురు. కాని పాత గొట్టములు ఇంకను అటకలమీద, కొట్టుగదులలో, పాత సామానుల దుకాణములలో నున్నవి. వాటినిగూర్చి రెండు మాటలు చెప్పక విడువరాదు.

ఆ గాజు సామాన్యమైనది కాదు. లోపలి వోల్టులకు పుట్టు స్వల్ప ఎక్స్‌కిరణములను ఆపుటకై గరాటువంటి వెనుకభాగపు గాజులో సీసము కలిపిరి. పెద్ద గొట్టమున అది కిలో మొదలు అంతకుపైగా నుండును. ముక్కలుచేసి నేలపై పారవేసినచో ఆ సీసము నీటితో కొంతకొంతగా వెలువడగలదు. చిన్నపిల్లల శరీరమునకు అది మెదడుకు చేటుచేయు విషము. మెడపైనున్న రాగితీగ కొరకు సుత్తితో గొట్టమును పగులగొట్టువారికి అపాయము మరియు దగ్గర. లోపల శూన్యమున్నందున గొట్టము మొదట లోనికి కూలి, గాజుముక్కలు ఎదురువచ్చి ముఖమునకు తగులును. సెట్టు ఆపి చాలకాలమైనను ధనధ్రువపు గుండీ వద్ద వేల వోల్టుల విద్యుత్తు నిలిచియుండవచ్చును. రాగి ధర వచ్చు కొలది రూపాయల కొరకు ఈ పని చేయువారు సాధారణముగా పేదలు, తరచు పిల్లలు. విద్యుత్ వ్యర్థముల నియమములు మన దేశమున 2011లో ప్రకటింపబడి, 2016లోను, 2022లోను మార్పుచెందినవి. గొట్టమును పగులగొట్టక, మొత్తము సెట్టుగానే, అనుమతి పొందినవారికి ఇచ్చుట సరియైన దారి. ఇంట పాత సెట్టున్నవారు దానిని తూకమునకు అమ్మునప్పుడు వెనుకనున్న గొట్టము ఎవరి చేతికి పోవునో ఒకమారు అడిగి తెలిసికొనుట మంచిది.